ట్యాఖ్ అంటే ఇల్లు

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మేము శనివారం తెలుగు బడి పెట్టుకున్న హాల్లో రెండు గదులున్నాయి. మొదటి రోజు గుమాస్తా తాళం తీసి, "కుడివైపుది మీది" అన్నాడో, ఎడమవైపుది అన్నాడో నాకు సరిగ్గా వినిపించలేదు. మళ్ళీ అడగబుద్ధి కాలేదు. ఒకసారి అడిగిందాన్ని రెండోసారి అడగడం మా ఇంట్లో అలవాటు లేదు. వరండాలో నిలబడి రెండు తలుపుల వైపూ చూశాను. ఒకదాని మీద ఏమీ లేదు. రెండోదాని మీద తెల్లకాగితం అంటించి, నల్లటి మార్కరుతో పెద్ద అక్షరాలు రాశారు. నా వెనక నిలబడ్డ పిల్లల్లో ఒకడు చదివాడు.

"అంకుల్, ఇట్ సేస్ టీచ్."

"మరింకేం, ఇదే మన గది" అన్నాను.

ఏడుగురు పిల్లల్ని లోపల కూర్చోబెట్టి, బోర్డు మీద అ, ఆ, ఇ, ఈ రాసి, కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాలకు తలుపు తెరుచుకుంది. డెబ్బై దాటిన ఒక తెల్లావిడ మంచు బూట్లతో, భుజాన గుడ్డసంచీతో గుమ్మంలో నిలబడింది. మనిషి పొట్టి. కాని నిటారుగా నిలబడ్డ తీరు చూస్తే పొట్టి అని అనిపించదు.

"మీరు నా ఇంట్లో కూర్చున్నారు" అంది ఇంగ్లీషులో.

నేను లేచాను. "తలుపు మీద టీచ్ అని రాసి ఉందండి. నేను టీచర్ని" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి కాగితాన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. నవ్వలేదు. అది నాకు నచ్చింది.

"అది టీచ్ కాదు. ట్యాఖ్. ఐరిష్ భాషలో ఇల్లు అని అర్థం. నేను ఇక్కడ ఐరిష్ చెబుతాను. ఈ గది దాటితే ఊరంతా ఇంగ్లీషే కదా. అందుకని ఈ గదిని ఇల్లు అన్నాను."

ఒక్కసారి క్షమించమని అడిగి, పిల్లల్ని తీసుకుని ఎదురుగదికి వెళ్ళిపోయాను. పొరపాటు చేసినవాడు వివరణ ఇస్తూ నిలబడకూడదు. ఆ రోజు పిల్లలకు ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఆ ఐదక్షరాలే బుర్రలో తిరిగాయి. టి, ఇ, ఏ, సి, హెచ్. అంత తేలిక మాటను చదవడంలో నేను తప్పాను.

ఇది నాకెందుకంత పట్టిందో చెప్పాలి. మాది ఒకప్పుడు దివాణం. నా చిన్నప్పటికే అది పేరుకు మాత్రం మిగిలింది. ఇప్పుడు పేరుకు కూడా లేదు. మా సింహద్వారం ఉన్న చోట పెట్రోలు బంకు ఉంది. అందరూ వెళ్ళిపోయాక కూడా మమ్మల్ని వదలని మనిషి ఒకాయన ఉండేవారు, మా వ్యాకరణం మాస్టారు. ఆయన నాకు శకటరేఫ, అంటే బండి ఱ, ఎక్కడ రాయాలో నేర్పారు. మా నాయనమ్మ కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చోవడం నేర్పింది. మా ఇంటి నుంచి నాకు సంక్రమించినవి ఈ రెండే. నేను ఇక్కడ గోడౌన్‌లో పని చేస్తాను, లారీలు సరుకు దించే డాక్ దగ్గర. అక్కడ నా పేరును మూడక్షరాలకు కుదించారు. ఆ మూడక్షరాలకు నేను పలకను. పూర్తిగా పిలిచిన రోజున పలుకుతాను. చాలామంది నేర్చుకున్నారు.

ఇలాంటివాణ్ణి ఒక మాట చదవలేక పిల్లల ముందు వేరొకరి గదిలో కూర్చున్నాను.

*

చలికాలం నడిమికి వచ్చేసరికి మా బడికి చిక్కు వచ్చింది. ఇద్దరు పిల్లల నాన్నకు కాల్గరీలో ఉద్యోగం దొరికింది, వాళ్ళు వెళ్ళిపోయారు. హాలు నియమం ప్రకారం ఒక్కో తరగతికి ఆరుగురు నేర్చుకునేవాళ్ళు ఉండాలి. లేకపోతే గది వేరేవాళ్ళకు ఇస్తారు. మాకు ఐదుగురే మిగిలారు. నేను ఎవరినీ అడగలేదు. వచ్చే శనివారం నుంచి మా బేస్‌మెంట్‌లో చెబుతానని తల్లులకు చెప్పాను.

ఆవిడ తరగతి మా బడి అయ్యాకే మొదలవుతుంది. ఆ శనివారం ఎదురుగది నుంచి ఆవిడ వచ్చి మా వెనక బల్ల మీద కూర్చుంది. పిల్లల పేర్ల కాగితం తీసుకుని అడుగున తన పేరు రాసింది.

"ఎందుకండీ?" అన్నాను.

"ఈ గది వెచ్చగా ఉంది" అంది.

అంతకు మించి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. కాని ఊరికే కూర్చోలేదు ఆవిడ. నోటుబుక్కు తెచ్చుకుంది. పిల్లలకంటే ముందు గుణింతాలు పట్టుకుంది. మేము ప్రతి వాక్యం చివరా తగిలించే 'అండీ' ఆమెకు ఎంత నచ్చిందంటే, ఇంగ్లీషులో కూడా వాడటం మొదలుపెట్టింది. ఒకరోజు వరండాలో గుమాస్తాతో "హీటర్ ఈజ్ నాట్ వర్కింగ్ అండీ" అంటుంటే విన్నాను.

'ఇల్లు' చెప్పిన రోజున ఆవిడ చెయ్యి ఎత్తింది.

"ఇల్లు అన్నారు. ఇప్పుడు ఇంటి తలుపు అన్నారు. ల్లు ఏమైంది?"

"అది మారుతుందండీ. ఇల్లు, ఇంటి. కన్ను, కంటి. పన్ను, పంటి. ఒళ్ళు, ఒంటి. ఇంకో మాటకు ముందు వచ్చి దాని సంబంధం చెప్పేటప్పుడు ఇలా అవుతుంది. ఎక్కువైతే ఇళ్ళు."

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. "మాకూ ఇదే రోగం" అంది. బోర్డు దగ్గరికి వచ్చి చాక్ తీసుకుంది. "ఇల్లు ట్యాఖ్. ఇంటి అంటే టీ. ఇళ్ళు టిహె. తలుపు డొరస్. ఇంటి తలుపు, డొరస్ అన్ టీ. మాకు తలుపు ముందు వస్తుంది, ఇల్లు తర్వాత."

నాకు ఒళ్ళు జలదరించింది. ఇంటి, అన్ టీ. "రెండూ ఒకటే" అన్నాను గట్టిగా.

"కాదండీ" అంది ఆవిడ, అంతే గట్టిగా. "అన్ అనేది వేరే మాట, ఇంగ్లీషులో 'ద' లాంటిది. టీ మాత్రమే ఇంటి. చెవికి దగ్గరగా ఉందని చుట్టరికం కలపకండి. పూర్వం అది తిగె. మధ్యలో ఉన్న గ అరిగిపోయింది. నా చిన్నప్పుడు కూడా మా అమ్మ పాత పద్ధతిలో మూడక్షరాలు ఎక్కువ పెట్టి రాసేది, పలికేది కాదు. అసలు ఆ మాటకు అర్థం కప్పేది అని. ఇంగ్లీషులో పూరికప్పును థ్యాచ్ అంటారు చూడండి, అదీ ఆ కుదురుదే. రోమనులు ఒంటికి చుట్టుకునే టోగా కూడా."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా తాతగారి సంస్కృత నిఘంటువు దించాను. సముద్రం దాటి నాతో వచ్చిన పుస్తకం అదొక్కటే. కప్పడం అనే అర్థంలో 'స్థగ' ధాతువు దొరికింది. అది కూడా ఆ వంశానిదే అని పెద్దలు చెబుతారట. మన ఇల్లు మాత్రం ఆ వంశంది కాదు. మనది మన ద్రావిడ కుదురే. నాకు కొంచెం నిరాశ కలిగిందని ఒప్పుకుంటాను. పాత వంశాలతో చుట్టరికం కలుపుకోవాలనే జబ్బు మా రక్తంలోనే ఉంది.

"ఆ పుస్తకం కూడా అన్నం తింటే దానికీ పెడతాను గాని, ముందు మీరు రండి" అంది నా భార్య వంటింట్లోంచి.

ఆ కాలంలోనే ఇంకో సంగతి బయటపడింది. మా పిల్లలు ఎవరు ఎదురైనా ఆంటీ అంటారు కదా, ఆవిడనూ అలాగే పిలిచేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆవిడ మొహం విప్పారేది. "మీ పిల్లలకు ఎవరు నేర్పారు?" అని నన్ను అడిగింది ఒకరోజు. ఏం నేర్పారండీ అంటే, "అన్ టీ" అంది. పడమటి ఐర్లండులో వాళ్ళ ఊరికి ఎండాకాలంలో పట్నం పిల్లలు భాష నేర్చుకోవడానికి వచ్చేవారట. వాళ్ళను ఇంట్లో ఉంచుకుని వండిపెట్టే ఆవిడను బ్యాన్ అన్ టీ అంటారు. బ్యాన్ అంటే ఆడమనిషి, అన్ టీ అంటే ఇంటి. ఇంటావిడ. వాళ్ళమ్మ బ్యాన్ అన్ టీ. మా పిల్లలు బ్యాన్ వదిలేసి అన్ టీ అంటున్నారని ఆమె నెల రోజులుగా అనుకుంటోంది.

నిజం చెప్పాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించాను. చెప్పాను. తప్పుడు అర్థం మీద ఒకరిని సంతోషంగా ఉండనివ్వడం మర్యాద కాదు.

"పరవాలేదండీ" అంది. "వాళ్ళు ఆంటీ అననీ. నేను అన్ టీ అని వింటాను."

మా, మన తేడా చెప్పిన రోజు కూడా నాకు బాగా గుర్తు. ఎదుటి మనిషిని కలుపుకోకపోతే మా, కలుపుకుంటే మన. ఆవిడ కళ్ళు చిన్నవి చేసి విన్నది. "మాకు ఒక్కటే ఉంది, ఆర్. మీకు తలుపు వేసే మాట ఒకటి, తెరిచే మాట ఒకటి" అంది. "మీరు ఏది ఎక్కువ వాడతారు?"

"మా" అన్నాను, ఆలోచించకుండా. మా ఇల్లు, మా దివాణం, మా తాతగారు. దాన్ని తప్పు అనుకోవడం నాకు అప్పటిదాకా తోచలేదు.

వసంతం వచ్చేసరికి కొత్త పిల్లలు చేరి మా సంఖ్య తొమ్మిదికి వెళ్ళింది. ఆవిడ నోటుబుక్కు మూసి, "ఇక మీకు నేను అక్కర్లేదు" అని ఎదురుగదికి వెళ్ళిపోయింది.

*

నిరుడు ఆకులు రాలే కాలంలో వరండా గోడ మీద గుమాస్తా కాగితం అంటించాడు. ఐరిష్ తరగతిలో నలుగురే ఉన్నారు, ఆరు వారాల తర్వాత వచ్చి లెక్క చూస్తాను, ఆరుగురు లేకపోతే గది వ్యాయామం చేసేవాళ్ళ బృందానికి ఇస్తాను అని. ఆ కాగితం పక్కన నిలబడి కూడా ఆవిడ మాతో వాతావరణం మాట్లాడింది. ఒక్కరిని అడగలేదు. ఆవిడకు ఎనభై దగ్గరపడుతోంది. ఆ గది పోతే ఇంకో గది వెతుక్కునే ఓపిక లేదు. ఊళ్ళో ఆమెతో ఆ భాష మాట్లాడేవాళ్ళు ఆ నలుగురే. వాళ్ళు ఆ గదిలో తప్ప ఎక్కడా కలవరు. ఇవన్నీ నాకు తెలుసు. ఆమె అడగదని కూడా తెలుసు, నేనైనా అడగను కాబట్టి.

మరుసటి శనివారం మా బడి అయిపోయాక ఎదురుగదిలోకి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. పేర్ల కాగితం తీసుకుని అడుగున నా పేరు పూర్తిగా రాశాను.

"ఎందుకండీ?" అంది ఆవిడ తెలుగులో.

"ఈ గది వెచ్చగా ఉంది" అన్నాను.

మా బడిలో చదివే ఒక పాప వాళ్ళమ్మ వరండాలో నిలబడి ఇదంతా చూసింది. ఆమెది హైదరాబాద్. వాటర్లూలో ఐటీ ఉద్యోగం చేస్తుంది. నన్ను అంకుల్ అంటుంది. నాకు ఆ పిలుపు ఇష్టం లేదని తెలిసి కూడా అంటుంది.

"అంకుల్, మీరొక్కరు చేరితే ఏమైతది? ఐదుగురే ఐతరు" అంది.

"మిగతాది చూద్దాం."

"చూసుడేంది, నేను గూడ వస్త. మా పాప డాన్స్ క్లాస్ అయ్యేదాక కార్లనే కూసుంట గదా, గీడ కూసుంట. సరేనా ఆంటీ?" అని ఆవిడ వైపు తిరిగింది.

"అన్ టీ" అంది ఆవిడ, సరే అన్నట్టు.

నేను లెక్క నింపడానికి మాత్రమే వెళ్ళలేదు. ఆ మాటను చదవడంలో ఒకసారి తప్పాను. దాన్ని కొసదాకా నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆరు వారాలు, ఒక్క నామవాచకం. ఏమంత కష్టం అనుకున్నాను.

మొదటి అక్షరం దగ్గరే చిక్కు. అది మన ట అంత వెనక్కి మడిచిందీ కాదు, మన త లాగా పళ్ళకు తగిలేదీ కాదు. నాలుక వెడల్పు చేసి రెంటి మధ్యా ఆనించాలి. చివరి అక్షరం ఇంకా మొండిది. గొంతులో గాలి రాసుకుంటూ పోవాలి. నేను ఖ అంటే మా మాస్టారు నేర్పిన ఒత్తు ఖ వచ్చేది, శుభ్రంగా, తెగ్గొట్టినట్టు. ఆవిడ తల అడ్డంగా ఊపేది. హైదరాబాద్ అమ్మాయి మాత్రం మొదటి రోజే పలికింది.

"ఎలా వచ్చిందమ్మా నీకు?" అన్నాను.

"ఖైరతాబాద్ అంటం గదా అంకుల్, ఖైర్ అంటం, ఖబర్ అంటం. మా గల్లీల చాయ్ అమ్మేటాయన గూడ అంటడు. మీరు దివాణపోళ్ళు గదా, మీకు రాకపాయె."

ఆ ఎత్తిపొడుపు నాకు మందులా పనిచేసింది. మర్నాటి నుంచి డాక్ మీద లారీ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఖైర్, ఖబర్, ట్యాఖ్ అనుకుంటూ నిలబడ్డాను. నాకు జలుబు చేసిందనుకుని తోటివాళ్ళు మందుబిళ్ళలు ఇచ్చారు. పది రోజులకు ఆ ఖ వచ్చింది.

తర్వాత వ్యాకరణం. ఐరిష్‌లో కలిగి ఉండటం అనే క్రియ లేదట. ఇంగ్లీషువాళ్ళలాగా ఇంటిని చేతపట్టుకోరు. టా ట్యాఖ్ అగమ్. ఉంది ఇల్లు నా దగ్గర. మనలాగే, నాకు ఇల్లు ఉంది. నేను వెంటనే భూతకాలం అడిగాను. వీ ట్యాఖ్ అగిన్. మాకు ఇల్లు ఉండేది. ఆ వాక్యం మాత్రం నాకు ఒక్కసారికే వచ్చేసింది.

"అది తర్వాతి పాఠం" అంది ఆవిడ. "ముందు ఉంది అనడం నేర్చుకోండి."

ఆ తర్వాత వచ్చింది అసలు గండం. ఐరిష్‌లో మాటకు ముందు ఏం వచ్చిందనే దాన్ని బట్టి మాట మొదటి అక్షరం మారుతుంది. ఆయన, ఆవిడ, వాళ్ళు, ఈ మూడింటికీ ఒకటే మాట, 'అ'. ఆయన ఇల్లు అంటే అ హ్యాఖ్. ఆవిడ ఇల్లు అంటే అ ట్యాఖ్. వాళ్ళ ఇల్లు అంటే అ డ్యాఖ్. ఎవరి ఇల్లో తెలిసేది గుమ్మం దగ్గరే, మొదటి అక్షరంలో. రాతలో పాత అక్షరాన్ని తీసెయ్యరు. మెత్తబడ్డప్పుడు టి పక్కన హెచ్ వచ్చి చేరుతుంది. వాళ్ళది అన్నా, ఆర్ అన్నా టి ముందు డి వచ్చి నిలబడుతుంది, డి పలుకుతుంది, టి ఊరుకుంటుంది.

ఈ మూడూ నేను పట్టేశాను. పట్టుబడనిది నాలుగోది, నా ఇల్లు. మొ హ్యాఖ్ అనాలి. నాది అన్నప్పుడు కూడా మాట మెత్తబడాలి. నేను మొ ట్యాఖ్ అనేవాణ్ణి. ప్రతిసారీ. ఆయన ఇల్లు మెత్తగా పలికే నోరు నా ఇల్లు అనేసరికి బిగుసుకుపోయేది.

"ముందు తలుపు వదలడం లేదండీ మీరు" అనేది ఆవిడ.

"వదులుతాను" అనేవాణ్ణి. వదల్లేకపోయేవాణ్ణి.

*

ఆరో శనివారం గుమాస్తా వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో అట్టకు గుచ్చిన కాగితం. చెడ్డవాడు కాడు. నియమం చూడటం అతని పని. పేర్లు చదువుతూ ఒక్కొక్కరికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. పాతవాళ్ళు నలుగురు. హైదరాబాద్ అమ్మాయి నోటుబుక్కు తిప్పి చూశాడు, నిండా రాతలే, ఐదో టిక్కు పెట్టాడు. నా దగ్గర ఆగాడు.

"మీరు ఎదురుగది టీచర్ కదా?"

"అవును."

"సారీ. మీరు ఆవిడకు స్నేహితులని నాకు తెలుసు. లెక్క నింపడానికి కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టకూడదు."

ఆవిడ చేతిలో చాక్ పట్టుకుని, బోర్డు పక్కన ఎప్పటిలాగే నిటారుగా నిలబడింది.

నేను లేచి నిలబడ్డాను. "లెక్క నింపడానికే మొదట వచ్చాను. ఆ మాట నిజం" అన్నాను. "కాని నేర్చుకుంటున్నాను. పరీక్ష పెట్టండి."

"నాకు ఐరిష్ రాదు."

"ఆవిడకు వచ్చు."

గుమాస్తా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఇంగ్లీషులో అడగడం మొదలుపెట్టింది. ఇల్లు? ట్యాఖ్. గొంతులో గాలి సరిగ్గా రాసుకుంది. ఇళ్ళు? టిహె. ఇంటి తలుపు? డొరస్ అన్ టీ. ఆవిడ ఇల్లు? అ ట్యాఖ్. ఆయన ఇల్లు? అ హ్యాఖ్. వాళ్ళ ఇల్లు? అ డ్యాఖ్. నా వీపు నిటారుగానే ఉంది. మా మాస్టారి ముందు శబ్దం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాను. గుమాస్తా పెన్ను కాగితం మీదికి కదిలింది.

"నా ఇల్లు?" అంది ఆవిడ.

"మొ ట్యాఖ్."

అనగానే తెలిసింది నాకు. నాతో నేర్చుకునే ఐదుగురికీ తెలిసింది. తెలియనిది గుమాస్తా ఒక్కడికే. ఆవిడ తల ఊపితే చాలు, అతను టిక్కు పెట్టి వెళ్ళిపోతాడు, గది మిగులుతుంది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఊపుతుందనే అనుకున్నాను. ఊపాలని కోరుకున్నాను కూడా.

"తప్పండీ" అంది ఆవిడ. "మళ్ళీ."

నా చెవులు వేడెక్కాయి. "మొ ట్యాఖ్."

"కాదు. మళ్ళీ."

పరాయి మనిషి ముందు, అట్ట పట్టుకున్న గుమాస్తా ముందు, తలవంచి దిద్దుబాటు తీసుకోవడం నేను పుట్టి ఎరగను. మా నాన్నగారు కోర్టులో కూడా కుర్చీ వేస్తేనే మాట్లాడారని మా ఇంట్లో చెప్పుకునేవారు. కూర్చుంటే సరిపోతుంది, కాని గది పోతుంది.

"తలుపు వదలండి" అంది ఆవిడ, ఈసారి మెల్లగా. అచ్చంగా తెలుగులో అంది.

ఊపిరి వదిలాను. నాలుకను పళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. "మొ హ్యాఖ్."

"ఇంకోసారి."

"మొ హ్యాఖ్."

"అదీ" అంది.

గుమాస్తా నన్ను కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "స్కూల్లో మా ఫ్రెంచ్ టీచర్ నన్ను ఇలాగే నిలబెట్టేది" అన్నాడు. "లెక్క నింపడానికి వచ్చినవాణ్ణి ఎవరూ ఇలా నిలబెట్టరు. నిలబెట్టినా వాడు నిలబడడు." ఆరో టిక్కు పెట్టి, కాగితం అట్టకు సర్ది, తలుపు జాగ్రత్తగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

నేను కూర్చున్నాను. పక్కనున్న హైదరాబాద్ అమ్మాయి నీళ్ళ సీసా నా ముందుకు జరిపింది.

"అంకుల్, ముందే కరెక్ట్‌గ అంటే ఆయన నమ్మకపోతుండె. మీ తప్పే బచాయించింది."

ఆవిడ బోర్డు తుడుస్తూ వెనక్కి తిరక్కుండానే అంది. "తల ఊపేదాన్నే. కాని మీరు మా ఇంట్లోంచి తప్పు మాటతో వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు."

నేను ఆమె స్థానంలో ఉంటే అదే చేసేవాణ్ణి. ఆమెకూ అది తెలుసు.

*

తర్వాతి శనివారం పిల్లలతో వరండాలోకి వచ్చేసరికి ఎదురుగది తలుపు మీద కొత్త కాగితం ఉంది. పాత మాట ముందు చిన్న మాట ఒకటి చేరింది. టి ముందు డి వచ్చి నిలబడింది. మొదటిరోజు చదివిన పిల్లవాడే, ఇప్పుడు జానెడు ఎదిగాడు, ఆగి చదివాడు.

"అంకుల్, నౌ ఇట్ సేస్ డీ-టీచ్."

"ఆర్ డ్యాఖ్" అన్నాను. ఎవరూ దిద్దలేదు. దిద్దాల్సిన పని లేదు. "డి పలుకుతుంది, టి పలకదు."

"దెన్ వై ఈజ్ ఇట్ స్టిల్ దేర్?"

"అది ఆ ఇంటి అక్షరం నాన్నా. పలక్కపోయినా ఉంటుంది."

హైదరాబాద్ అమ్మాయి వెనకనుంచి వచ్చింది, చేతిలో రెండు కాఫీలు. ఒకటి ఆవిడకు. కాగితం చూసి ఆగింది.

"ఆర్ అంటే మీకు తెలుసు గదా అంకుల్. మరి తెలుగుల పిల్లలకు ఏం చెప్పాలె? మా ఇల్లా, మన ఇల్లా?"

ఐరిష్‌లో ఆ తేడా లేదు, రెంటికీ ఆర్ ఒక్కటే. కాబట్టి కాగితం చూసి చెప్పే వీలు లేదు. తెలుగులోకి తేవాలంటే నేనే ఎంచుకోవాలి. తలుపు సందులోంచి ఆవిడ కనిపించింది, మంచు బూట్లు విప్పుకుంటూ, చెవి ఇటు పెట్టి.

"మన ఇల్లు" అన్నాను, ఆమెకు కూడా వినిపించేటట్టు. తర్వాత తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుని, ముందు పిల్లల్ని లోపలికి పోనిచ్చాను.